రాముడికి రాని రైలు రాయికొచ్చింది

దండలు కొని పెట్టుకున్నవాళ్లు కాసేపు ఆగండి. ఎవరి మెడలో వెయ్యాలో తేలాక వేద్దురుగాని.

భద్రాచలానికి రైలొస్తోందట! 2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ఒకే రోజు ఎనిమిది కొత్త రైలు మార్గాలకు ఆమోదం తెలిపింది. 24,657 కోట్ల ఖర్చు, 900 కిలోమీటర్లు, 64 కొత్త స్టేషన్లు, 2030-31 కల్లా పూర్తి. ఆ ఎనిమిదింట్లో ఒకటి ఒడిశాలోని మల్కన్‌గిరిలో బయలుదేరి, ఆంధ్రప్రదేశ్ మన్యం గుండా వచ్చి, భద్రాచలం దగ్గర గోదావరి దాటి, ఇవతల పాండురంగాపురంలో కలుస్తుంది. 173.61 కిలోమీటర్లు. వార్త వచ్చిందో లేదో, ప్రతి పార్టీవాడూ ఇది మా చలవేనన్నాడు. నిన్నటిదాకా ఈ రైలు ఊసెత్తితే వాచీ చూసుకున్న పెద్దమనుషులు కూడా తాము కలలో సైతం పట్టాలే చూశామన్నట్టు మాట్లాడారు.

సంబరమే, కాదనను. ఈ రైలు అడిగీ అడిగీ రెండు తరాలు గోదావరి ఒడ్డున బూడిదైపోయాయి. మహజర్లిచ్చారు, ధర్నాలు చేశారు, ఎన్నికలప్పుడు చేతిలో చెయ్యేసి ఒట్టు వేయించుకున్నారు. ఏటా ఫిబ్రవరిలో రైల్వే బడ్జెట్ రోజున టీవీ ముందు కూర్చోవడం, మర్నాడు పేపర్లో ‘జిల్లాకు మొండిచెయ్యి’ అని చదువుకోవడం మా వైపు ఒక ఆచారంగా మారింది. చివరికి 2017లో ఆ ప్రత్యేక రైల్వే బడ్జెట్టే సాధారణ బడ్జెట్లో కలిసిపోయింది. తొంభై ఏళ్లకు పైగా బతికిన బడ్జెట్ చచ్చింది కానీ భద్రాచలంలో ఇంజను కూత వినబడలేదు.

ఇప్పుడు వినబడుతుందంటున్నారు. బాగానే ఉంది. ఇన్నాళ్లూ రానిది ఇప్పుడెందుకు వస్తోందని ఒక్కడైనా అడిగాడా?

నేనడుగుతున్నా. జవాబు కూడా నేనే చెబుతా. మీకు నచ్చదు.

ఈ ఎనిమిది మార్గాల మీద ఏమేం మోస్తారో సర్కారు దాచిపెట్టలేదు. వ్యవసాయ ఉత్పత్తులు, ఎరువులు, బొగ్గు, ఇనుప ఖనిజం, ఉక్కు, సిమెంటు, బాక్సైట్, సున్నపురాయి, అల్యూమినియం పొడి, గ్రానైట్. ఏడాదికి అదనంగా 14 కోట్ల 30 లక్షల టన్నుల సరుకు. చదువుకోండి, కళ్లకద్దుకోండి. జనం సంగతి కూడా ఉందండోయ్, లేదని అబద్ధమాడను. 510 గ్రామాలు, 40 లక్షల జనాభా, వెనుకబడిన ఆరు ‘ఆకాంక్షిత’ జిల్లాలు. ఆ ఆరింట్లో మల్కన్‌గిరి ఉంది, మన భద్రాద్రి కొత్తగూడెమూ ఉంది. ఎంత ముచ్చట! ఒక జిల్లాను దశాబ్దాల పాటు వెనకబెట్టి, వెనకబడిందని సర్టిఫికెట్ ఇచ్చి, ఆ సర్టిఫికెట్ చూపించి అదే జిల్లా గుండా ఖనిజానికి దారి వేయడం. ఈ తెలివి చాణక్యుడికి కూడా తట్టలేదు.

సరుకుల రైలు వద్దని నేననను. రైలంటే సరుకు మోయాల్సిందే, సరుకు మీద వచ్చే డబ్బుతోనే ప్రయాణికుడి టికెట్ చౌకగా ఉంటుందని నాకూ తెలుసు. ఆ పాఠం నాకు చెప్పడానికి చొక్కా చేతులు మడవకండి. నేనడిగేది వేరు. ఇక్కడ మనిషి అడిగినప్పుడు నది అడ్డమొచ్చింది, అడవి అడ్డమొచ్చింది, నక్సలైట్లు అడ్డమొచ్చారు, గిట్టుబాటు అడ్డమొచ్చింది. రాయి అడిగిన రోజున ఈ నాలుగూ ఎటు పోయాయి?

కొత్తగూడెం వెళ్లి చూడండి. సికింద్రాబాద్‌లో రాత్రి ఎక్కిన మణుగూరు ఎక్స్‌ప్రెస్ తెల్లవారకముందే అక్కడ ఆగుతుంది. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. పండగ రోజుల్లోనైతే ఏ బోగీ నుంచైనా ఓ పెద్దావిడ దిగుతుంది. చేతిసంచిలో కొబ్బరికాయ, చీర కొంగున ముడుపు. ‘నాయనా, గుడి ఏ పక్క?’ అని అడుగుతుంది. ఆటో అతనికి ఈ ప్రశ్న కొత్త కాదు, నవ్వు కూడా రాదు. ‘ఇది కొత్తగూడెం అమ్మా. భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లు. బస్టాండు కాడ దింపనా?’ ఆవిడ బోర్డు వంక ఒకసారి, కొడుకు వంక ఒకసారి చూస్తుంది. కొడుకు ఫోన్ తీసి మ్యాపు చూస్తాడు. తర్వాత పాల్వంచ మీదుగా బస్సు. సారపాక కాగితం మిల్లు లారీల వెనకాల పాకుతూ వంతెన దాటితే అప్పుడు గోపురం.

కొత్తగూడెం వాళ్లకు స్టేషనుంది, బోర్డు మీద ఊరి పేరు లేదు. భద్రాచలం వాళ్లకు బోర్డు మీద పేరుంది, ఊళ్లో స్టేషను లేదు. ఇలా ఒక్క బోర్డుతో రెండూళ్లను వెక్కిరించడం మన రైల్వేకే చెల్లింది.

ఆ స్టేషను అక్కడెందుకుంది? రాముడి మీద భక్తితోనా? 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పుచ్చుకుంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. బొగ్గు ఎక్కడ తేలితే రైలు అక్కడికి పరిగెత్తింది. ఇల్లందులో తేలితే ఇల్లందుకి, కొత్తగూడెంలో తేలితే కొత్తగూడేనికి, మణుగూరులో తేలితే మణుగూరికి. ఆ మణుగూరు లైను మీదే పాండురంగాపురం స్టేషను. అక్కడి నుంచి గోదావరి ఒడ్డున ఉన్న సారపాక ఎంత దూరమనుకున్నారు? పదిహేను కిలోమీటర్లు మించదు. ఆ ముక్క మాత్రం వేయండి మహాప్రభో, వంతెన సంగతి తర్వాత చూద్దాం, యాత్రికులు సారపాకలో దిగి ఆటోల్లో నది దాటుతారని జనం ఎన్నేళ్లుగానో మొత్తుకున్నారు. ఎవరు విన్నారు? భద్రాచలం కింద బొగ్గు లేదు. అదీ మా పాపం.

గోదావరి అడ్డమన్నారు. సరే, రాజమండ్రి వెళ్దాం. అదే గోదావరి, ఇక్కడికన్నా బాగా వెడల్పు. తెల్లవాడు 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపాడు. యాభై ఆరు స్పాన్ల హేవలాక్ వంతెన. కంప్యూటర్ లేదు, డ్రోన్ లేదు, డీపీఆర్‌కు కన్సల్టెంట్ లేడు. ఆ వంతెన దాదాపు వందేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. అది పుట్టి, బతికి, రిటైరై, పర్యాటక స్థలంగా మారుస్తామన్న ఉపన్యాసాలు కూడా విన్నది. అంత కాలంలో భద్రాచలం దగ్గర ఒక్క రైలు స్తంభం లేవలేదు.

అడవి, కొండ అన్నారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా తూర్పు కనుమలను చీల్చి యాభైకి పైగా సొరంగాలతో 1960ల్లోనే లైను వేశారు. ఎందుకు? బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్ వాడికి కావాలి, విశాఖ రేవుకు చేరాలి. కొంకణ్‌లో సహ్యాద్రి పక్కనే ఏడు వందలకు పైగా కిలోమీటర్ల దారి ఎనిమిదేళ్లలో, 1998 నాటికి పూర్తి చేశారు. కొండలు మా దగ్గర మాత్రమే గట్టివా?

నక్సలైట్లన్నారు. బస్తర్‌లో ఆ ఖనిజం రైలు వాళ్ల నడుమ నుంచే కదా నడిచింది! పట్టాలు పీకితే మళ్లీ వేశారు, బోగీలు పడిపోతే మళ్లీ లేపారు, కాపలా పెట్టి మరీ నడిపారు. ఖనిజానికి అంత ధైర్యం ఉంటే మనుషుల రైలుకు ఎందుకు పిరికితనం?

ఇక గిట్టుబాటు. ఇది అన్నింటికన్నా పెద్ద బూతు. సర్వే చేస్తారు, ట్రాఫిక్ చాలదంటారు. ఎవరిని లెక్కపెట్టి చాలదన్నారయ్యా? శ్రీరామనవమికి, ముక్కోటికి కిక్కిరిసిన బస్సుల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లెక్కపెట్టారా? చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం నుంచి, ఇంకా అవతల ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వచ్చి, ఇక్కడ కాదంటే ఖమ్మమో వరంగల్లో పరుగెత్తేవాళ్లను లెక్కపెట్టారా? మిర్చి సీజన్లో సరిహద్దు దాటి ట్రాలీల్లో నిలబడి ఖమ్మం చేలకు కాయ ఏరడానికొచ్చే ఆదివాసీ కూలీలు మీ సర్వే కాగితం మీద మనుషులుగా పడ్డారా? వాళ్లను చూశారా ఎప్పుడైనా? ఒక్క ట్రాలీలో ముప్పై నలభై మంది, పిల్లలు, గిన్నెలు, చుట్టచుట్టిన దుప్పట్లు, నడుమ కోడి. తారు రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఆడవాళ్లంతా ఒకరి భుజం ఒకరు పట్టుకుంటారు. వాళ్ల నేల కింది ఇనుము దాదాపు అరవై ఏళ్లుగా రైలెక్కి సముద్రం దాటింది. ఆ నేల మీది మనిషి ఇంకా ట్రాలీలోనే ఉన్నాడు. ఇదే మీ అభివృద్ధి చరిత్ర మొత్తం. దీనికి వేరే పుస్తకం అక్కర్లేదు.

కొవ్వూరు లైను కథ తెలియనివాళ్ల కోసం చెబుతా. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి మీదుగా కొవ్వూరుకు 151 కిలోమీటర్ల దారి. అది పడితే హైదరాబాద్ నుంచి విశాఖకు దూరం తగ్గుతుంది, విజయవాడ మీద బరువు తగ్గుతుంది. సర్వేల మీద సర్వేలయ్యాయి. 2012-13 రైల్వే బడ్జెట్లో దానికి పేరు కూడా దొరికింది. ఖర్చులో సగం రాష్ట్రం పెట్టాలన్నారు. ఆ తర్వాత రాష్ట్రమే రెండైంది. సగం ఎవరిది, అందులో సగం ఎవరిది అని తేల్చేలోపు ఫైలు మీద దుమ్ము పడింది.

కానీ అందులో ఒక ముక్క మాత్రం పూర్తయింది చూడండి. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి, దాదాపు 54 కిలోమీటర్లు. 2022 నవంబర్ 12న రామగుండం సభలో ప్రధాని జాతికి అంకితం చేశారు. సుమారు వెయ్యి కోట్ల పని. ఆ ముక్కే ఎందుకు పూర్తయింది? సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనులున్నాయి కనుక. ఖర్చులో పెద్ద వాటా సింగరేణే పెట్టుకుంది కనుక. చండ్రుగొండ మీదుగా బొగ్గు వ్యాగన్లు నడవసాగాయి. లారీల దుమ్ము తగ్గింది, అది మంచిదే, ఒప్పుకుంటా. మరి జాతికి అంకితం చేశారు కదా, జాతి ఎక్కడానికి రైలేదంటే? దాని కోసం సత్తుపల్లి జనం మళ్లీ మొదటి నుంచి మహజర్లు రాయడం మొదలుపెట్టాల్సి వచ్చింది. పట్టాలున్నాయి, సిగ్నళ్లున్నాయి, ఇంటి ముందు నుంచి రైలు పోతుంది, ఎక్కడానికి వీల్లేదు. పెళ్లి పందిట్లో విస్తరి వేసి, వడ్డించేవాడు పక్క వరసలోకి వెళ్లిపోవడం లాంటిది ఇది.

రేపు భద్రాచలంలో కూడా ఇదే జరగదని ఎవరు హామీ ఇస్తారు? చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి.

పట్నం పాఠకులు ఇది అడవి జనం గోల అనుకుని పేజీ తిప్పేస్తున్నారేమో. మీ మెట్రో గుర్తు చేస్తా. 2017 నవంబర్లో హైదరాబాద్ మెట్రో మొదలైంది. 2019లో హైటెక్ సిటీకి పోయింది, రాయదుర్గం పోయింది. జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అని ప్లానులో గీసిన లైను మాత్రం 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరకొచ్చి ఆగిపోయింది. మిగిలింది ఐదున్నర కిలోమీటర్లు! అలైన్‌మెంట్ అన్నారు, ఆస్తుల సేకరణ అన్నారు, ప్రార్థనా స్థలాలన్నారు. 2024 మార్చి 8న మళ్లీ శంకుస్థాపన. ఐటీ ఉద్యోగి వైపు పరిగెత్తిన రైలు పాతబస్తీ గాజుల దుకాణం వైపు ఎందుకు కుంటిందో మీకు తెలియదా? ఫలక్‌నుమా జబ్బూ భద్రాచలం జబ్బూ ఒకటే. ప్లానులో గీత అందరికీ ఉంటుంది. పట్టాలు ఎవరి వైపు ముందు పడతాయన్నది వాళ్ల బరువును బట్టి ఉంటుంది.

భద్రాచలానికి ఆ బరువు ఎన్నడూ లేదు. తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నదాన్ని 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో చుట్టూ ఉన్న మండలాలను పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చి, ఊరిని మాత్రం ఇటు ఉంచారు. ఇప్పుడు రాముడి గుడి ఒక రాష్ట్రంలో, రాముడి మాన్యం ఉన్న పురుషోత్తపట్నం ఇంకో రాష్ట్రంలో. ఊళ్లో చెత్త పోసుకోవడానికి జాగా లేదు. ఏటపాక వైపు నాలుగడుగులేస్తే పక్క రాష్ట్రం. 2016లో మళ్లీ కొత్త జిల్లా. అడిగిన ప్రతిసారీ ‘ఇది మా పరిధి కాదు’ అనడానికి ఇన్ని సౌకర్యాలున్న ఊరు దేశంలో ఇంకోటి ఉందా?

ఒక్క లెక్క చూడండి. ఆ ఏడు మండలాలను ఇటు నుంచి అటు మార్చడానికి ఢిల్లీకి ఎంతకాలం పట్టింది? 2014 మే చివర ఆర్డినెన్సు, జూలై మధ్యకల్లా రెండు సభల్లోనూ బిల్లు పాస్. ఏడు వారాలు. కోయ గూడేలు, కొండరెడ్ల గూడేలు, వాళ్ల దేవతలు, శ్మశానాలు, రేషన్ కార్డులు అన్నీ కలిపి ఏడు వారాల్లో రాష్ట్రం మారిపోయాయి. పదిహేను కిలోమీటర్ల పట్టాలు మాత్రం దశాబ్దాలైనా కదల్లేదు. చేతకాదని ఎవడన్నాడు? మీకు బ్రహ్మాండంగా చేతనవును. మా కోసం చేయాలని లేదు, అంతే.

శ్రీరామనవమికి మాత్రం అందరూ వస్తారు. ముత్యాల తలంబ్రాలు నెత్తిన పెట్టుకుని, పట్టువస్త్రాలు పట్టుకుని, పోలీసు కాన్వాయ్‌లో వస్తారు. తొందర ఎక్కువైతే హెలికాప్టర్లో వస్తారు. నిజమేలెండి, హెలికాప్టర్లో వచ్చేవాడికి స్టేషను లేని సంగతి ఎలా తెలుస్తుంది? మిథిలా మండపం ముందు కూర్చుని కల్యాణం చూసి, మైకు దొరికితే రామరాజ్యం గురించి నాలుగు మాటలు చెప్పి, మధ్యాహ్నానికి ఎగిరిపోతారు. కాంగ్రెస్ వాళ్లు వచ్చారు, తెలుగుదేశం వాళ్లు వచ్చారు, గులాబీ వాళ్లు వచ్చారు. రాముడి పేరు మీదే రాజకీయం నిలబెట్టుకున్న కమలం వాళ్లకైతే దక్షిణ అయోధ్య అని నోరారా పిలవడం వచ్చు, పదేళ్లు ఢిల్లీలో కూర్చున్నాక గానీ ఈ దక్షిణ అయోధ్యకు కాగితం మీద రైలు రాలేదు. ఎర్రజెండా వాళ్లు రైలు కోసం రోడ్డెక్కారు, నిజం. అయినా వాళ్ల ఎమ్మెల్యేలను, ఎంపీలను ఇదే జిల్లా ఎన్నిసార్లు గెలిపించిందో వాళ్లూ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టాడు. కట్టినందుకు గోల్కొండ జైల్లో మగ్గాడు. ఆయన తర్వాత సర్కారు సొమ్ముతో సర్వేల మీద సర్వేలు చేయించి, ఒక్క గజం పట్టాలు వేయనివాళ్లు సన్మానాలకు వెళ్లారు. న్యాయం తిరగబడిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

పాఠకుడా, నిన్ను వదిలేశాననుకోకు. ఏడాదికోసారి వచ్చి, తలనీలాలిచ్చి, కొత్తగూడెంలో దిగి బస్సు దొరక్క తిట్టుకుని, ఇంటికెళ్లి మర్చిపోయేది నువ్వే కదా! ఓటేసేటప్పుడు నీకు కులం గుర్తొచ్చింది, పథకం గుర్తొచ్చింది, పక్కింటోడి మీద పంతం గుర్తొచ్చింది. రైలు గుర్తొచ్చిందా? ఐదేళ్లకోసారి ‘ఈసారి పక్కా’ అన్నవాడికే మళ్లీ చప్పట్లు కొట్టావు. వాడు నిన్ను మోసం చేశాడనడం తేలిక. మోసపోవడంలో నీకున్న ఓపిక సంగతేంటి?

ఇప్పుడు నా పక్కన నిలబడి తలూపుతున్న మిత్రులకు ఒక మాట. మీకూ కోపమొస్తుంది, రానివ్వండి. రైలొస్తే చాలు, ఎవరి భూమి పోతే మనకేంటి అంటున్నారు కొందరు. ఊళ్లో వ్యాపారం పెరుగుతుంది, లాడ్జీలు నిండుతాయి, ప్లాట్ల ధర లేస్తుంది, ఎవడైనా కోయవాడు నా భూమి అన్నాడంటే వాడు అభివృద్ధికి అడ్డం! ఇదే నాలుక రైలు రాలేదని నిన్నటిదాకా ఆదివాసీల వెనుకబాటు గురించి కన్నీళ్లు కార్చింది. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ గిరిజన భూములకు కాపలాగా 1/70 చట్టం ఉంది, 1996 నాటి పెసా ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. గ్రామసభను అడగాలని రాసి ఉన్నది అలంకారానికి కాదు. పోలవరంలో ఏం జరిగిందో కళ్లారా చూశాం. ముందు ఊరు ఖాళీ, ప్యాకేజీ తర్వాత. ఆ తర్వాత అంటే ఎప్పుడో కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లను అడగండి, చెబుతారు. పోడు చేసుకునే మనిషికి కాగితం లేకపోతే రైలు లైను కింద పోయిన చేను లెక్కలోకే రాదు. పరిహారం జాబితాలో మొదటి పేరు ఎప్పుడూ గిరిజనేతరుడిదే ఎందుకవుతుందో కూడా కాస్త ఆలోచించండి.

అటు పక్కన ఇంకో రకం ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఏసీ కారులో వచ్చి, కిన్నెరసాని దగ్గర ఫొటో దిగి, అడవిని కాపాడాలి కనుక రైలే వద్దని వ్యాసం రాసేవాళ్లు. అయ్యా, మీకు రైలుంది, మెట్రో ఉంది, విమానం ఉంది. కాన్పు నొప్పులతో జీపు వెనక సీట్లో పడుకున్న ఆడపిల్లకు మీ పచ్చదనం మీద పాట వినిపించమంటారా? అడవిని కాపాడుతున్నది అక్కడ బతికేవాళ్లు. వాళ్లు అడిగేది రైలు ఎక్కడానికి, రైలు కింద పడటానికి కాదు. ఎటు నుంచి వెయ్యాలి, ఎవరి చేను మీదుగా, దేనికి బదులు దేన్ని ఇస్తారు, ఈ మూడూ వాళ్లతో కూర్చుని తేల్చడానికి ఇంజనీర్లకు ఏం రోగం?

ఇంకోటి. 1986లో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు. మూడో హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారన్నది గుర్తుంచుకుని ఈ అంకెలు చదవండి. ఆ జూలైలో 1965 నాటి వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఊరు దీవైంది. కాలనీల్లో మేడల మీద జనం, కింద పడవలు. కొత్త రైలు వంతెన ఎంత ఎత్తున కడతారు? దాని కరకట్ట వరదను ఎవరి గూడెం మీదికి తోస్తుంది? కింద పోలవరం నిండితే వెనక్కి తన్నే నీళ్ల లెక్క ఇందులో కలిపారా? ఈ ప్రశ్నలు అడిగినవాణ్ని రైలు వ్యతిరేకి అని ముద్ర వేస్తే వేసుకోండి. ముద్రలకు భయపడే వయసు దాటిపోయింది.

నా మాట తేల్చి చెబుతా. ఈ లైను రావాలి. రాముడి కోసం అక్కర్లేదు, ఆయన ఇన్నాళ్లూ బస్సు భక్తులతోనే సర్దుకున్నాడు. ట్రాలీలో నిలబడ్డ మిర్చి కూలీ కోసం, ఏరియా ఆసుపత్రి గేటు దగ్గర అంబులెన్సు కోసం చూసేవాడి కోసం, డిగ్రీ చదవడానికి ఖమ్మం వెళ్లి హాస్టల్ దొరక్క వెనక్కొచ్చే పిల్ల కోసం రావాలి. ఖనిజం కూడా పోనివ్వండి, దాని ఆదాయం దానిది. కానీ భూసేకరణ నోటీసు మొదటి గూడేనికి చేరకముందే ఒక కాగితం మన చేతికి రావాలి. మల్కన్‌గిరి నుంచి భద్రాచలానికి, భద్రాచలం నుంచి సికింద్రాబాద్‌కు ప్రయాణికుల రైలు, రోజుకు ఎన్ని, ఏ వేళకు, మొదటి గూడ్సు కదిలిన ఎన్ని రోజుల్లోపు. సంతకంతో.

వచ్చే శ్రీరామనవమికి తలంబ్రాలు తెచ్చే పెద్దమనిషిని ఇదే అడగండి. ఏ పార్టీ అయినా సరే. నినాదాలొద్దు, పూలొద్దు, సెల్ఫీలొద్దు. ఆ కాగితం ఏదని అడగండి. మా ఎంపీని అడగమంటే ఎంపీని అడగండి, ఢిల్లీని అడగమంటే అందరూ టికెట్ కొని ఢిల్లీ వెళ్లండి, ఎలాగూ కొత్తగూడెం దాకా బస్సులోనే పోవాలి.

సత్తుపల్లిలో పట్టాలు వేసి ప్రయాణికుణ్ని మర్చిపోయినవాళ్లు భద్రాచలంలో గుర్తుపెట్టుకుంటారని నమ్మేవాళ్లు నమ్మండి. నేను నమ్మను. కాగితం చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.